మెతుకుసీమ మరువని బోధకుడు పాస్నెట్

మెదక్: కొండమీద కాకతీయుల కాలం నాటి కోట, దిగువన బూడిద రంగు రాతితో లేచిన చర్చి శిఖరం. మెదక్ పట్టణానికి వచ్చే బాటసారికి దూరం నుంచే కనిపించే ఆనవాళ్లు ఈ రెండే. కోటను రాజులు కట్టించారు. చర్చిని కట్టించినది రాజూ కాదు, జాగీర్దారూ కాదు. గుర్రంమీద పల్లెపల్లెకూ తిరిగిన ఒక మెథడిస్టు సంఘ బోధకుడు. ఆయన పేరు రెవరెండ్ చార్లెస్ వాకర్ పాస్నెట్.

ఏటా డిసెంబరు 25న ఈ చర్చి ప్రాంగణం జనసంద్రమవుతుంది. తెలంగాణ నలుమూలల నుంచే గాక పొరుగు రాష్ట్రాల నుంచి కూడా కులమతాలకు అతీతంగా సందర్శకులు తరలివస్తారు. శిఖరం ఎత్తు ఎంత, లోపల ఎందరు పడతారు, రంగుటద్దాల కిటికీలు ఎవరు చేశారు అన్న వివరాలను చిన్న పిల్లలు సైతం గడగడా చెప్పగలరు. అయితే దానిని తలపెట్టిన మనిషి ఇక్కడికి ఎందుకు వచ్చారు, ఇక్కడి పేదలతో కలిసి ఎలా బతికారు అన్నది మాత్రం మరుగున పడిపోయింది. ఆయన ప్రపంచ యుద్ధంలో పోరాడటానికి వచ్చిన సైనికుడన్న అపోహ కూడా ఈ ప్రాంతంలో ప్రచారంలో ఉంది. పాస్నెట్ సైనికుడు కారు. సైనికుల మధ్య సేవ చేసిన బోధకుడు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యే నాటికే ఆయన మెదక్‌కు వచ్చి 18 ఏళ్లు అయింది.

పాస్నెట్ జీవితాన్ని నిశితంగా గమనిస్తే ఆ మహా మందిరం ఆయన సేవకు ఆరంభమూ కాదు, అంతమూ కాదని బోధపడుతుంది. ఆకలితో ఉన్నవారికి పని చూపి అన్నం పెట్టడం, ఊరి వెలుపలి వాడలకు అక్షరం చేర్చడం ఆయన చేసిన అసలు పని. శిఖరం ఆ పనికి మిగిలిన సాక్ష్యం.

వెస్లీ చూపిన బాట

పాస్నెట్ ఏ సంప్రదాయం నుంచి వచ్చారో తెలిస్తే ఆయన నడిచిన తీరు అర్థమవుతుంది. మెథడిస్టు ఉద్యమానికి 18వ శతాబ్దపు ఇంగ్లండులో జాన్ వెస్లీ (1703-1791) ఆద్యుడు. ఆంగ్లికన్ సంఘంలో గురువుగా ఉన్న వెస్లీ గుడి గోడల మధ్యనే ఉండిపోలేదు. బొగ్గు గనుల కార్మికుల వద్దకు, సంతల వద్దకు, చెరసాలల వద్దకు వెళ్లి ఆరుబయటనే ప్రసంగించారు. జీవితకాలంలో ఎక్కువ భాగం గుర్రంమీదనే గడిపారు. 1746లో లండన్‌లో పేదల కోసం ఉచిత మందుల కేంద్రం తెరిచారు. చిన్న వ్యాపారాలు చేసుకునే బీదలకు వడ్డీ లేని అప్పు ఇచ్చే నిధిని నడిపారు. బానిస వ్యాపారాన్ని ఖండిస్తూ 1774లో పుస్తకం రాశారు. మతబోధ, మందు, చదువు, పేదల బాగు వేర్వేరు కావన్నది ఆయన అనుచరులు పాటించిన పద్ధతి. ఒక్కో బోధకుడికి కొన్ని ఊళ్లు కలిపి ఒక సర్క్యూటుగా అప్పగించేవారు. ఆ ఊళ్లన్నీ వరుసగా తిరగడం బోధకుడి విధి.

వెస్లీ పేరు మీదనే ఏర్పడిన వెస్లియన్ మెథడిస్టు మిషన్ 1879-80 ప్రాంతంలో సికింద్రాబాద్ కేంద్రంగా నిజాం రాజ్యంలో పని మొదలుపెట్టింది. విలియం బర్గెస్ అనే మిషనరీ అందుకు ఆద్యుడు. అక్కడి నుంచి కరీంనగర్, సిద్దిపేట, మెదక్, ఇందూరు (నేటి నిజామాబాద్) ప్రాంతాలకు మిషన్ క్రమంగా విస్తరించింది. సికింద్రాబాద్‌లో నేటికీ వెస్లీ పేరుతో నడుస్తున్న విద్యాసంస్థలు ఆనాటి కృషికి కొనసాగింపే.

గుర్రంపై మెదక్‌కు

పాస్నెట్ 1895లో బ్రిటన్ నుంచి సికింద్రాబాద్ చేరుకున్నారు. అప్పటికి ఆయన యువకుడు. తిరుమలగిరి కంటోన్మెంటులోని బ్రిటిష్ సైనికుల మధ్య ఆధ్యాత్మిక సేవ ఆయనకు మొదట అప్పగించిన పని. కంటోన్మెంటులో విశాలమైన వీధులు, బంగళాలు, క్లబ్బులు ఉండేవి. ఇంగ్లీషు మాట్లాడేవారు ఎందరో ఉండేవారు. స్వదేశం వదిలి వచ్చిన యువకుడికి అక్కడ జీవితం సుఖంగానే గడిచిపోయేది. అయినా పాస్నెట్ మనసు అక్కడ నిలవలేదు. పల్లె ప్రజల మధ్య పనిచేయాలన్న సంకల్పంతో మరుసటి ఏడాది, 1896లో, మెదక్‌కు బయలుదేరారు.

అప్పట్లో మెదక్‌కు రైలు లేదు, సరైన రోడ్డూ లేదు. సికింద్రాబాద్ నుంచి గుర్రంమీద వస్తే ఒక రోజంతా పట్టేది. 1900 ప్రాంతంలో సికింద్రాబాద్ నుంచి మన్మాడ్‌కు రైలు మార్గం పడినా అది అక్కన్నపేట మీదుగా సాగిపోయిందే తప్ప పట్టణంలోకి రాలేదు. మెదక్ పట్టణానికి రైలు కూత వినిపించింది 2022 సెప్టెంబరులో. దీనిని బట్టి అంతకు 126 ఏళ్ల ముందు ఈ ఊరు ఎంత మారుమూల ఉండేదో ఊహించవచ్చు.

మెదక్ వచ్చిన కొత్తలో మిషన్ బంగళాలోని చిన్న గదిలోనే ప్రార్థనలు జరిగేవి. అక్కడికి వచ్చేవారు కొద్దిమంది మాత్రమే. పాస్నెట్ ముందుగా చేసిన పని తెలుగు నేర్చుకోవడం. గ్రంథాల తెలుగుతో పల్లెల్లో పని జరగదు. పొలం గట్టుమీద, రచ్చబండ వద్ద, వాడలో పొయ్యి పక్కన మాట్లాడే తెలుగే ఆయనకు అవసరమైంది. వెస్లీ కాలం నాటి మెథడిస్టు బోధకుల మాదిరిగానే ఆయన గుర్రమెక్కి ఊరి నుంచి ఊరికి తిరిగారు.

మెతుకు కరవైన మెతుకుసీమ

మెదక్‌కు మెతుకుసీమ అని పేరు. అన్నపు మెతుకు నుంచే ఈ ఊరికి పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. కోటకు మెతుకుదుర్గం అన్న వ్యవహారం ఉండేది. మంజీర పరీవాహకం, కాకతీయుల నాటి నుంచి వచ్చిన గొలుసుకట్టు చెరువులు ఈ నేలకు అన్నం పెట్టాయి. చెరువులు నిండని ఏడాది మాత్రం మెతుకుసీమలోనే మెతుకు కరవయ్యేది.

పాస్నెట్ మెదక్‌లో అడుగుపెట్టిన ఏడాదే దేశంలో పెను కరవు ఆరంభమైంది. 1896-97 కరవు నుంచి తేరుకోకముందే 1899-1900లో మరో కరవు దక్కను పీఠభూమిని దహించింది. కరవు వెంట కలరా వచ్చేది. 1911లో హైదరాబాద్ రాజ్యంలో ప్లేగు ప్రబలింది. 1918లో ఇన్‌ఫ్లూయెంజా మహమ్మారి ఊళ్లను ఊడ్చిపెట్టింది. అదే ఏడాది వానలు కూడా ముఖం చాటేశాయి. మంజీరపై 1905లో నిర్మించిన ఘనపూర్ ఆనకట్ట కొంత ఊరట కలిగించినా, కాలువ నీరు అందని మెట్ట గ్రామాల గతి వానదేవుడి దయమీదనే ఆధారపడి ఉండేది.

కరవు అందరినీ సమానంగా కొట్టదు. ఊరి వెలుపల ఉండే మాల, మాదిగ వాడలే మొదట ఖాళీ అయ్యేవి. వారిలో అధికులకు సొంత భూమి లేదు. ఊరి బావిలో నీరు తోడుకునే హక్కు లేదు. గుడిలోకి, బడిలోకి ప్రవేశం లేదు. గడీల పాలనలో వెట్టి తప్పేది కాదు. చచ్చిన గొడ్డును ఈడ్చడం, మోట బొక్కెనలు కుట్టడం, అధికారులు వస్తే మూటలు మోయడం, ఊరి కబుర్లు చేరవేయడం వారి వంతు. ప్రతిఫలంగా కళ్లంలో దోసిళ్లకొద్దీ గింజలు. పంట పండని ఏడాది ఆ గింజలూ ఉండవు. అప్పుకు తాకట్టుగా మనిషికి మనిషే పాలేరుగా కుదిరిపోయే భగేలా పద్ధతిని అదుపు చేస్తూ నిజాం ప్రభుత్వం 1936లో గాని నిబంధనలు తేలేదు.

పాస్నెట్ తన గుర్రాన్ని ఆపింది సరిగ్గా ఈ వాడల్లోనే.

వాడలకు చేరిన అక్షరం

ఒక్క విదేశీ బోధకుడు ఎన్ని ఊళ్లు తిరిగినా కాలం చాలదని పాస్నెట్ త్వరగానే గ్రహించారు. ఊరివాళ్లకు ఊరివాళ్లే బోధించాలి. ఈ ఆలోచనతో మెదక్‌లో గ్రామ ఉపదేశుల శిక్షణ కార్యక్రమం రూపుదిద్దుకుంది. వాడల నుంచే యువకులను ఎంపిక చేసి చదవడం, రాయడం, లెక్కలు, వాక్య బోధన నేర్పి తిరిగి పల్లెలకు పంపేవారు. వివాహితులైతే భార్యకు కూడా శిక్షణ ఇచ్చేవారు. ఊళ్లో ఉపదేశి ఉంటే అక్కడ రాత్రిబడి ఉండేది. పగలంతా పశువుల వెంట తిరిగిన పిల్లలు, పొలం పనులు చేసి వచ్చిన పెద్దలు దీపం వెలుగులో పలక పట్టేవారు.

చదువురాని వారికి కథ, పాట, భజన ద్వారా బోధించడం ఈ మిషన్ అనుసరించిన మరో పద్ధతి. తెలుగు కీర్తనలు, తాళం, డప్పు పల్లె ప్రార్థనల్లో చోటు చేసుకున్నాయి. పాశ్చాత్య రాగాల కన్నా తమ వాడలో వినిపించే రాగాలే జనాన్ని దగ్గరికి చేర్చాయి.

పాస్నెట్ కాలక్రమంలో హైదరాబాద్ ప్రాంతపు వెస్లియన్ మిషన్‌కు అధ్యక్షుడయ్యారు. బాధ్యతలు పెరిగినా ఆయన నివాసం మెదక్‌లోనే కొనసాగింది. మిషన్ కేంద్రం రాజధానిలో ఉండాలన్న ఆనవాయితీకి ఇది భిన్నం. మారుమూల మెదక్‌కు ఆ ప్రాంత క్రైస్తవ సంఘంలో పెద్దపీట దక్కడానికి ఈ నిర్ణయమే మూలమైంది.

అదే కాలంలో హైదరాబాద్ నగరంలో భాగ్యరెడ్డి వర్మ (1888-1939) దళితుల కోసం పాఠశాలలు స్థాపించి, ఆది హిందూ ఉద్యమం నడిపించారు. ఆయన మార్గం వేరు, పాస్నెట్ మార్గం వేరు. అయితే అక్షరం లేనిదే ఆత్మగౌరవం నిలవదన్న సత్యాన్ని ఇద్దరూ గుర్తించారు. నగరంలో ఒకరు, పల్లెల్లో మరొకరు ఆ దిశగా శ్రమించారు.

మహిళల సేవ మరువలేనిది

మెదక్ మిషన్ చరిత్ర పాస్నెట్ ఒక్కరితో పూర్తికాదు. పాస్నెట్ కుటుంబానికే చెందిన ఎమిలీ పాస్నెట్, ఆమె సహచరి సారా హారిస్ ఇక్కడి స్త్రీల మధ్య దీర్ఘకాలం పనిచేశారు. వైద్యుడే లేని రోజుల్లో రోగులకు మందులిచ్చారు. పురిటి కష్టాల్లో, అంటురోగాల్లో ఇంటి గడపదాకా వెళ్లి సేవలందించారు. పురుష వైద్యుడి ఎదుటకు రావడానికి జంకే స్త్రీలకు వారి రాక ఎంతో ధైర్యాన్నిచ్చింది.

వీరిద్దరి కృషిలో చెప్పుకోదగ్గది బైబిలు స్త్రీల శిక్షణ. అక్షరం ముక్క రాని దళిత స్త్రీలను, వారిలో వితంతువులను సైతం చేరదీసి కథలు చెప్పడం, పాటలు పాడటం, శుభ్రత, రోగి సేవ నేర్పారు. వారు ఊరూరా తిరిగి ఇతర స్త్రీలకు బోధించేవారు. గడప దాటితే తలవంచుకు నడవాలన్న కట్టుబాటులో పెరిగిన ఆడవారు నలుగురి ఎదుట నిలబడి మాట్లాడటం ఆనాటికి సాహసమే. నేడు ఆసుపత్రుల్లో నర్సులుగా, బడుల్లో పంతులమ్మలుగా కనిపించే ఎందరో మహిళల కుటుంబ చరిత్రలో ఇలాంటి ఒక ముత్తవ్వ ఉంటుంది.

డిచ్‌పల్లిలో మరో దీపం

పాస్నెట్ బాధ్యత వహించిన మిషన్ పరిధిలోనే కుష్ఠురోగుల సేవకు బీజం పడింది. స్కాట్లండ్‌కు చెందిన మెథడిస్టు బోధకుడు జార్జి కెర్, ఆయన సతీమణి డాక్టర్ ఇసబెల్ కెర్ 1907లో నిజామాబాద్ వచ్చారు. కుష్ఠు సోకినవారిని ఊళ్లోంచి వెళ్లగొట్టే రోజులవి. అయినవాళ్లే దూరం పెట్టిన ఆ రోగులకు చికిత్స చేయాలని కెర్ దంపతులు తలపోశారు. స్థానిక హిందూ దాత రాజా నర్సాగౌడ్ విరాళంతో ముందుకు వచ్చారు. 1915లో డిచ్‌పల్లిలో ఆసుపత్రి వెలసింది. సూదిమందు ద్వారా చాల్‌మోగ్రా జాతి నూనెను ఎక్కించే చికిత్స ఇక్కడ అమలైంది. డాక్టర్ ఇసబెల్ 1932లో కన్నుమూసే వరకు రోగుల సేవలోనే గడిపారు. క్రైస్తవ బోధకుడి తలపు, వైద్యురాలి చేయి, హిందూ దాత ధనం కలిసి నిలబెట్టిన సంస్థ అది.

పనికి తిండి, ఆకలికి పరిష్కారం

మెదక్‌లో ఆరాధనకు వచ్చేవారి సంఖ్య ఏటేటా పెరిగింది. బంగళాలోని గది చాలలేదు. తాను కొలిచే ప్రభువుకు తన వద్ద ఉన్నవాటిలో శ్రేష్ఠమైనదే సమర్పించాలన్నది పాస్నెట్ నియమం. చిన్న మందిరంతో సరిపెట్టక తరతరాలు నిలిచే మందిరం కట్టాలని ఆయన నిశ్చయించుకున్నారు. 1914లో పనులు ఆరంభమయ్యాయి. అదే ఏడాది ఆగస్టులో ఐరోపాలో యుద్ధం రాజుకుంది. నిధులు, సామగ్రి విదేశాల నుంచి రావలసిన వేళ అది పెద్ద అవాంతరం. అయినా పాస్నెట్ వెనుకడుగు వేయలేదు.

ఇందుకు మరో బలమైన కారణం ఉంది. కరవు పీడితులు పని కోసం, తిండి కోసం మిషన్ ముంగిట నిలబడ్డారు. చేయి చాపినవారికి గింజలు పెట్టి పంపితే ఆ పూట గడుస్తుంది. మరునాడు మళ్లీ చేయి చాపవలసిందే. అడుక్కునే స్థితికి మనిషిని దిగజార్చడం పాస్నెట్‌కు సమ్మతం కాలేదు. పని ఇవ్వడం, దానికి ప్రతిగా తిండి, కూలి ఇవ్వడం మేలని ఆయన భావించారు. రాయి మోసినవారికి, మట్టి తవ్వినవారికి, నీళ్లు చేరవేసినవారికి ఆహారం అందింది. స్వతంత్ర భారతంలో ప్రభుత్వాలు పనికి ఆహార పథకం ప్రవేశపెట్టడానికి దశాబ్దాల ముందే మెదక్‌లో ఆ పద్ధతి అమలైంది.

పల్లెల్లో నేటికీ వినిపించే మాట ఒకటుంది. చర్చి కట్టింది దొర అయినా నిలబెట్టింది కూలోళ్ల చెమట అని పెద్దలు అంటారు. తట్ట మోసిన ఆ ఆడవారి పేర్లు, రాయి చెక్కిన ఆ చేతుల పేర్లు ఏ ఫలకంపైనా కనిపించవు. పదేళ్లపాటు వేల కుటుంబాల పొయ్యి ఆరకుండా చూసిన పనిగా ఆ నిర్మాణాన్ని గుర్తుంచుకోవడం ఆ అజ్ఞాత శ్రామికులకు దక్కవలసిన కనీస గౌరవం.

పదేళ్ల దీక్ష

చర్చి నమూనాను ఇంగ్లండులోని బోల్టన్ నగరానికి చెందిన బ్రాడ్‌షా, గ్యాస్ అండ్ హోప్ సంస్థ రూపొందించింది. థామస్ ఎడ్వర్డ్ హార్డింగ్ వాస్తుశిల్పిగా వ్యవహరించారు. గోథిక్ శైలిలో, పైనుంచి చూస్తే శిలువ ఆకారంలో కనిపించేలా నిర్మాణం సాగింది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గంటల గోపురం ఎత్తు 175 అడుగులు. ఒకేసారి 5 వేల మంది ప్రార్థన చేసుకునే వీలుంది. చెక్కిన బూడిద రంగు రాతి స్తంభాలు కప్పును మోస్తున్నాయి. ప్రసంగం ప్రతిధ్వనించి చెదిరిపోకుండా పైకప్పులో గుల్లగా ఉండే పదార్థాన్ని వాడారు. నేలపై పరచిన రంగురంగుల టైల్స్ బ్రిటన్ నుంచి వచ్చాయి. ఆనాటి లెక్కల్లో సుమారు 14 లక్షల రూపాయలు వ్యయమైందని చెబుతారు.

పదేళ్ల శ్రమ అనంతరం 1924 డిసెంబరు 25న క్రిస్మస్ రోజున మందిరం ఆరాధనకు తెరుచుకుంది. దానికి అలంకారంగా నిలిచిన మూడు రంగుటద్దాల కిటికీలు ఒకేసారి అమర్చినవి కావు. క్రీస్తు ఆరోహణ ఘట్టాన్ని చూపే కిటికీ 1927లో, జననాన్ని చూపేది 1947లో, శిలువ ఘట్టాన్ని చూపేది 1958లో ఏర్పాటయ్యాయి. లండన్‌కు చెందిన చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ వాటిని రూపొందించారు. వెలుపలి నుంచి సూర్యకాంతి పడినప్పుడే ఆ బొమ్మలు జీవం పోసుకుంటాయి. పొద్దు గూకితే అవి కనిపించవు. పగటిపూట వచ్చే సందర్శకులకే ఆ దృశ్యం దక్కుతుంది.

మెదక్ చర్చికి సమకాలికంగా చెప్పుకోదగ్గ మరో కట్టడం డోర్నకల్ కెథడ్రల్. భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ వి.ఎస్. అజరయ్య ఆధ్వర్యంలో నిర్మితమైన ఆ మందిరం 1939లో ప్రతిష్ఠకు నోచుకుంది. డోర్నకల్ మందిరం భారతీయ వాస్తు రీతులను కలుపుకొని లేచింది. మెదక్ చర్చి పాశ్చాత్య గోథిక్ రూపాన్ని ధరించింది. రూపాలు వేరైనా రెండింటికీ పునాది తెలంగాణ పల్లెల్లోని పేద విశ్వాసులే.

విమర్శలూ వాస్తవాలూ

పాస్నెట్ సేవను కొనియాడేవారితో పాటు విమర్శించేవారూ ఉన్నారు. తిండి ఎర చూపి మతం మార్చారన్నది ప్రధానమైన విమర్శ. వాడలకు వాడలే ఒక్కసారిగా క్రైస్తవంలో చేరిన మాట వాస్తవం. కరవులో అందిన సాయం వారి నిర్ణయంపై ప్రభావం చూపలేదని ఎవరూ చెప్పలేరు. పాస్నెట్ స్వయంగా బోధకుడు. సువార్త ప్రకటన తన కర్తవ్యమన్నది ఆయన దాచిన విషయం కాదు.

అయితే ఆకలి ఒక్కటే కారణమైతే వానలు కురిసిన ఏడాది ఆ సంఘాలు చెదిరిపోవాలి. అలా జరగలేదు. ఊరి బావి వద్ద, బడి వద్ద దక్కని మర్యాద అక్కడ దక్కడం, తమ పిల్లవాడికి పలక చేతికివ్వడం, తమలోని మనిషే తమకు బోధకుడు కావడం వారిని నిలిపాయి. మరోవైపు సంఘంలో చేరినంత మాత్రాన కులం పోలేదన్నది కూడా చేదు నిజం. మెదక్ సమీపంలోని వాడియారం ప్రాంత గ్రామ సంఘాలను పరిశీలించి పి.వై. లూక్, జాన్ కార్మన్ రాసిన గ్రంథం 1968లో వెలువడింది. పల్లె క్రైస్తవులు పాత ఆచారాలను, పండుగలను, కుల సంబంధాలను పూర్తిగా విడిచిపెట్టలేదని ఆ పరిశోధన వెల్లడించింది. వేలాదిగా చేరిన వారందరికీ బోధకులను, పాఠశాలలను సమకూర్చడం మిషన్ శక్తికి మించిన పని అయింది.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను మతంతో ముడిపెట్టింది. ఫలితంగా క్రైస్తవం స్వీకరించిన దళితులు ఆ హోదాకు దూరమయ్యారు. తెలుగు రాష్ట్రాల్లో వారు బీసీ-సి వర్గంలో ఉన్నారు. పాస్నెట్ కాలంలో వాడల్లో మొదలైన మార్పు వారి మనవలు, మునిమనవలకు నేటికీ ఒక జీవన్మరణ సమస్యగా మిగిలింది. ఆయన జీవితాన్ని కేవలం కీర్తనతో ముగించలేకపోవడానికి ఇదొక కారణం.

మందిరం కెథడ్రల్ అయిన వేళ

మెథడిస్టు సంఘంలో నాడు బిషప్పులు లేరు. అందువల్ల 1924లో తెరుచుకున్నది పెద్ద మందిరమే గాని కెథడ్రల్ కాదు. పాస్నెట్ నాలుగు దశాబ్దాలకు పైగా ఈ ప్రాంతంలో సేవలందించి విశ్రాంతి తీసుకున్న తరువాత పరిస్థితి మారింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మరికొన్ని సంఘాలు తమ భేదాలను పక్కనబెట్టి ఒక్కటయ్యాయి. మెదక్ అధ్యక్ష మండలం ఆవిర్భవించింది. మెథడిస్టు బోధకుడిగా పనిచేసిన ఫ్రాంక్ విట్టేకర్ తొలి బిషప్ అయ్యారు. పాస్నెట్ కట్టించిన మందిరం అప్పటి నుంచి కెథడ్రల్‌గా వర్ధిల్లుతోంది. ఆసియాలోని పెద్ద చర్చిల్లో ఒకటిగా దీనికి పేరుంది.

ఆయన తీర్చిదిద్దిన ఉపదేశులు, బైబిలు స్త్రీలు, ఉపాధ్యాయులు ఆ తరువాతి తరంలో సంఘాన్ని నడిపించారు. విదేశీ బోధకులు ఒక్కరొక్కరుగా స్వదేశాలకు వెళ్లిపోయినా పల్లె సంఘాలు కుప్పకూలలేదు. ఊరివాళ్లకు ఊరివాళ్లే బోధించాలన్న పాస్నెట్ తొలినాటి నిర్ణయానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

శతవసంతాల సాక్షి

2024 డిసెంబరు 25న చర్చి శతాబ్ది వేడుకలు అంగరంగ వైభవంగా జరిగాయి. ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి స్వయంగా హాజరయ్యారు. 2016లో జిల్లాల పునర్విభజనతో మెదక్ పట్టణానికి జిల్లా కేంద్రం హోదా లభించింది. నాడు రోజంతా గుర్రంమీద ప్రయాణించి చేరుకోవలసిన ఊరికి నేడు రెండు మూడు గంటల్లో చేరుకోవచ్చు.

మారనిది ఒకటుంది. తెల్లవారుజామున గంట మోగగానే పల్లెల నుంచి వచ్చినవారు చలిలో దుప్పట్లు కప్పుకొని మెట్ల వద్ద కూర్చుంటారు. కొందరు మొక్కు తీర్చుకోవడానికి, కొందరు కేవలం చూసిపోవడానికి వస్తారు. వారిలో తమ తాతముత్తాతలు ఈ గోడలకు రాయి మోశారని చెప్పుకునేవారు ఉంటారు. పిల్లల చేతులు పట్టుకొని స్తంభాలను తాకి చూపిస్తారు. రాజుల పేర్లు కోటకు దక్కాయి. కరవు రోజున మెతుకు కోసం రాయి మోసినవారికి, వారికి పని చూపిన బోధకుడికి ఈ శిఖరం దక్కింది. మెతుకుసీమ వారిని కలిపే గుర్తుంచుకోవాలి.